తెర మీద ఉన్నది ఉన్నట్టు

మా వదిన పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున సూళ్లూరుపేటలోని మా ఇంట్లోనే చనిపోయింది. ఆమె మా ఆయనకు స్వయానా అక్క. చర్చి గ్రూపులో పెట్టిన కబురులో "ప్రభువునందు నిద్రించారు" అని ఉంది. మా వాళ్లలో అలా రాయడం ఆనవాయితీ, తప్పేమీ లేదు. కానీ ఆ కబురు ఆమెకు చదివి వినిపించే వీలుంటే, "నిద్రపోయినదాన్ని లేపరేం మరి? చనిపోయిందని రాయండి" అని ఉండేది. అందుకే నేను ఆ మాటే రాశాను.

సమాధి దగ్గర చాలామంది మాట్లాడారు. ఆమె లెక్కలు ఎంత బాగా చెప్పేదో, బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు తనే నేర్చుకుని పిల్లలకు ఎలా నేర్పిందో పాత విద్యార్థులు చెప్పారు. అవన్నీ నిజమే. చివరి ఏడాది ఆమె దేనికోసం అంత పట్టుపట్టిందో మాత్రం వాళ్లకు తెలియదు. ఒక పాత కంప్యూటరు, అందులో ఎన్నిసార్లు పెట్టినా లేవని ఒక డిస్కు, వాటి చుట్టూ మేము గడిపిన మధ్యాహ్నాలు. నేను మీకు చెప్పాలనుకున్నది వాటి గురించే.

షుగరు వల్ల వదిన చూపు రిటైరైన తర్వాత కొద్దికొద్దిగా పోయింది. మా అన్నయ్య, అంటే ఆమె భర్త, అంతకు ముందే పోయారు. పిల్లలు లేరు. మా ఇంటి ముందు గదిలో ఉండడానికి వచ్చినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, చెప్పకుండా కుర్చీలు జరపకూడదని. గోడ పట్టుకుని నడిచేటప్పుడు అరచెయ్యి కాకుండా చేతి వెనకభాగం ఆనించేది. ఎందుకని అడిగితే, కొత్తగా వేసిన సున్నం, మరకలు పడితే రోజూ చూసేది నువ్వే గదా అంది. గేటు గడియ తీసే చప్పుడును బట్టి వచ్చిందెవరో చెప్పేది. "నాకు కనపడదు" అనే మాట ఆమె నోట నేను వినలేదు. "నువ్వు చెప్పు" అనేది.

పేపరు నేను చదివేదాన్ని. ఆమెకు చదివి వినిపించడం అంత తేలిక కాదు. హైవే మీద ప్రమాదం వార్త వచ్చినప్పుడు చనిపోయిన వాళ్లలో చిన్న పిల్ల ఉంటే, ఆ ముక్క నా గొంతులోనే ఆగిపోయేది. "ఆడ ఏదో మింగినావు మే. కక్కు" అనేది వదిన. కక్కక తప్పేది కాదు.

పేపరు సంగతి అలా గడిచిపోయేది. రిపోర్టుల దగ్గరే చిక్కు వచ్చింది. మూత్రపిండాలు పనిచేయడం మానేశాక వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు గూడూరు తీసుకుపోయేవాళ్లం. రిపోర్టులు మా ఆయన ఫోనుకు వచ్చేవి. ఆయన అక్క మంచం పక్కన కూర్చుని చదివేవారు. గుండె కూడా బలహీనపడిందని, ఆమెకు చెప్పి దిగులు పెట్టొద్దని డాక్టరు ఆయనతో అన్నారట. ఆయన ఆ మాట పట్టుకున్నారు.

"గుండె రిపోర్టులో ఏం రాసినారురా?"

"బాగానే ఉండాదంటక్కా."

"రక్తంలో ఉప్పుదో?"

"పోయినసారి మీద తగ్గింది. అదీ బాగానే ఉండాది."

"అన్నీ బాగుంటే నన్నెందుకురా గూడూరు తిప్పతా ఉండారు? రైలు చూపించడానికా?"

మా ఆయన ఫోను జేబులో పెట్టుకుని లేచారు.

అప్పటికే ఆమెను చెన్నైలో పెద్ద ఆస్పత్రిలో చేర్చాలనే మాట ఇంట్లో నడుస్తోంది. చేరితే మళ్లీ ఎప్పుడు ఇంటికి వచ్చేదీ ఎవరూ చెప్పలేరు. అద్దాల గది, గొట్టాలు, రోజుకు ఒకసారి ఒక మనిషిని లోపలికి పంపడం. మా ఆయన వెళ్లాల్సిందే అన్నారు. వదిన వెళ్తాననలేదు, వెళ్లననలేదు. ఒకరోజు నేను ఆమె తల దువ్వుతుంటే చెప్పింది. "ఆడికి పోతే ఏమన్నా లాభం ఉండాదా, లేదా, అది ఆ కాయితాల్లో ఉంటాది. నా రోజులు నేను యాడ గడపాల్నో చెప్పాలంటే అది నాకు తెలియాల గదా. మీరు చదివితే అందులో జాలి కలస్తాది. జాలి లేనిదేదన్నా చదవాల."

జాలి లేనిది కంప్యూటరు అని ఆమె అప్పటికే తేల్చుకుంది. కంటి ఆస్పత్రిలో ఆమెకు పరిచయమైన ఒక పెద్దాయన ఉన్నారు. చూపు లేకుండానే బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన ఫోనులో చెప్పారట, విండోస్ బదులు వాడే లినక్స్ అని ఉచితంగా దొరికే ఒకటుందని, పాత మెషీను చాలని. దాని డిస్కు పెట్టి కంప్యూటరు వేస్తే కీక్‌మని ఒక కూత వస్తుంది. అప్పుడు 'ఎస్' నొక్కి ఎంటర్ కొడితే ఇక అక్కణ్ణుంచి మెషీనే మాట్లాడుతుంది. తెర మీద ఉన్న ప్రతి అక్షరం చదివి వినిపిస్తుంది. లోపల ఎక్కించడం కూడా చెవులతోనే చేసుకోవచ్చు.

వదిన పాత కంప్యూటరు మంచం కింద చీర కప్పుకుని ఉంది. వైరస్ పట్టి చాలాకాలంగా లేవడం లేదు. దాన్ని తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టాను. స్టేషన్ దగ్గర నెట్ సెంటరుకు పోయి, వదిన చెప్పిన పేరు కాగితం మీద చూపించి, "ఈ ఫైలు దించి సీడీలో వేసివ్వన్నా" అన్నాను. ఆయన నడివయసు మనిషి, జిరాక్సులు తీస్తారు, పెళ్లి వీడియోలు, చర్చి పాటలు డిస్కుల్లో వేసిస్తారు. మర్నాటికి వేసి ఇచ్చారు.

మొదటిసారి పెట్టిన మధ్యాహ్నం వదిన స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. కంప్యూటరు వేయగానే ఒక కూత వచ్చింది. నేను మీటల వైపు చెయ్యి చాచాను. "అది మెషీన్ది. వేసినప్పుడల్లా వచ్చేదే. రెండోది డిస్కుది. అది రావాల" అంది. ఇద్దరం ఎదురుచూశాం. రెండోది రాలేదు.

"ఏముంది తెర మీద?"

"ఏదో ఇంగ్లీషులో వచ్చింది వదినా. కాలేదంట."

వదిన నా వైపు ముఖం తిప్పింది. "ఇంటి లెక్క రాసేటప్పుడు 'ఏవో కూరగాయలు' అని రాస్తావా?"

"రాయను."

"వంకాయలు ఎన్ని, టమాటాలు ఎన్ని అని రాస్తావు గదా. మరి ఈడ 'ఏదో ఇంగ్లీషు' ఏంది? నీకేమనిపించిందో నాకొద్దు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువు."

పెళ్లయినప్పటి నుంచి నేను ఇంటి జమాఖర్చు రాస్తున్నాను. ఏ రోజూ వదిలిపెట్టలేదు. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. తెల్ల అక్షరాలను ఒక్కొక్క మాటే చదివాను. రీబూట్, అండ్, సెలెక్ట్, ప్రాపర్, బూట్, డివైస్. సరైన చోటు నుంచి మొదలుపెట్టమని దాని అర్థమని ఆమె చెప్పింది. కంప్యూటరు లేవగానే ముందు ఎక్కడ చూడాలో దానికి తెలియాలట. ముందు సీడీ వైపు చూడమని మనమే చెప్పాలట. మళ్లీ వేసి, ఆపకుండా ఎఫ్2 నొక్కమంది. నీలం తెర వచ్చింది. పిల్లలకు నేర్పిన రోజుల్లోని ఆ తెర ఆమెకు ఇంకా గుర్తుంది. కుడికి రెండు, కిందికి ఒకటి, ఇప్పుడేముంది చదువు. అలా చేసి సీడీని మొదటికి తెచ్చాం. అయినా రెండో కూత రాలేదు.

నాకు ఓపిక పోయి, డిస్కు తుడిచి, వైరు కూడా మార్చి పెడదామా అన్నాను. వద్దంది. "ఒకసారికి ఒకటే మార్చు. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో తెలీదు." ఇవాళ్టికీ పులుసు రుచి తేడా వస్తే నేను ఉప్పూ చింతపండూ ఒకేసారి వేయను.

మార్చాల్సింది డిస్కే అని ఆమె తేల్చింది. దాన్ని నెట్ సెంటరుకు తీసుకుపోయి, అక్కడి కంప్యూటరులో తెరిచి, లోపల ఎన్ని ఫైళ్లు ఉన్నాయో చూడమంది. నేను పోయి అడిగాను. "వేసినా గదక్కా, ఆడనే ఉండాది చూడు" అని ఆయన చూపించారు. నిజంగానే ఉంది, ఒకటే ఫైలు. అక్కణ్ణుంచే వదినకు ఫోను చేశాను. ఒకటే అనగానే ఆమె నవ్వడం వినిపించింది. ఆ జబ్బులో ఆమె అలా నవ్వడం నేను మరిచిపోను.

"బియ్యం బస్తా తెచ్చి వంటింట్లో వేసినాడు మే. అన్నం వండలా. ఆయన్ననేదేం లేదు, మన మాటే తప్పు. సీడీలో వెయ్యమన్నాం, వేసినాడు. సీడీగా రాయమని చెప్పు. బర్న్ ఇమేజ్ అని ఉంటాది, అది నొక్కమను."

ఫోను ఆయనకే ఇచ్చాను. ఆయన తల గోక్కున్నారు. ఆ మాట తను చూశాననీ, ఇమేజ్ అంటే ఫోటోలకేమో అని వదిలేశాననీ చెప్పారు. పెళ్లి వీడియోలు వేసిచ్చే మనిషికి ఇమేజ్ అంటే ఇంకేం తోస్తుంది. ఈసారి తెరిస్తే డిస్కులో బోలెడు ఫైళ్లు కనిపించాయి.

ఇంటికి తెచ్చి పెట్టాం. మళ్లీ ఒకటే కూత. తెర మీద పాత మాటలే ఉన్నాయని చదివాను. వదిన నన్ను మళ్లీ నీలం తెరకు పోయి, పైన తేదీ ఎంత చూపిస్తోందో చదవమంది. చూస్తే ఎప్పటిదో, మేము ఈ ఇల్లు కట్టుకోక ముందు సంవత్సరం. వాడనప్పుడు ప్లగ్గు పీకేస్తున్నావా అని అడిగింది. పీకేస్తున్నాను. వానాకాలంలో ఒక పిడుగుకు మా టీవీ కాలిపోయినప్పటి నుంచి నేను ఇంట్లో దేన్నీ గోడకు తగిలించి ఉంచను.

"దాని లోపల చిన్న బ్యాటరీ అయిపోయుంటాది. ప్లగ్గు తీస్తే మనం చెప్పినవన్నీ మరిచిపోతాది" అంది. "నా మాదిరే. సాయంత్రం ఏం తిన్నానో పొద్దునకు గుర్తుండదు."

ఆమె మతిమరుపు అప్పటికి మొదలైంది. రక్తంలో చెడు పెరిగితే అలాగే అవుతుందట. అది జోకులాగా చెప్పింది కానీ, చెప్పాక బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. వాచీల కొట్టులో బిళ్ల బ్యాటరీ కొనుక్కొచ్చాను. పెట్టాల్సిన చోటును ఆమే వేలితో తడిమి చూపించింది.

డిస్కు మళ్లీ వేసి చూడకముందే, ఆ వారంలోనే ఆమెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆస్పత్రిలో చాలా రోజులు ఉంచారు. తిరిగి వచ్చాక ఆమె పడుకోలేకపోయేది. పడుకుంటే ఆయాసం. బల్ల మీద దిండు పెట్టుకుని దాని మీదికి వాలి కూర్చునే నిద్రపోయేది. ఆ బల్ల కంప్యూటరు ఉన్నదే. ఒక మధ్యాహ్నం దిండు మీద నుంచి తల ఎత్తకుండానే, సీడీని మళ్లీ మొదటికి తెచ్చి వెయ్యి అంది.

ఒక కూత వచ్చింది. కాసేపటికి రెండోది వచ్చింది.

నేను ఆమె భుజం పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి తీసి మీటల మీద పెట్టింది. ఎస్, ఎంటర్. డిస్కు గిర్రున తిరిగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. వదిన కంప్యూటరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నట్టు అలాగే ఉండిపోయింది.

"చదువు."

చదివాను. ఈ డిస్కుకు వేరే రకం ప్రాసెసర్ కావాలని, ఇక్కడ ఉన్నది పాత రకమని, తగినది పెట్టుకోమని. నేను ఒక్క అక్షరం మింగలేదు, దేన్నీ మెత్తబరచలేదు. చదవడం అయ్యాక ఆమె, "బాగా చదివినావు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు వచ్చిందో లేదో తెలియదు. డిస్కు తప్పు కాదని, కొత్త మెషీన్ల డిస్కు మనకు పనికిరాదని, పాతవాటికి వేరే ఉంటుందని చెప్పి, దాని పేరులో చివర ఏ అంకె ఉండాలో నాతో మూడుసార్లు అనిపించింది.

ఆ సాయంత్రం మా ఆయన నన్ను పెరట్లోకి పిలిచి కోప్పడ్డారు. గాలి పీల్చుకోలేని మనిషిని ఆ పెట్టె ముందు కూర్చోబెడుతున్నావని, అది మాట్లాడితే ఆమె ముందు ఏం వింటుందో నీకు తెలియదా అని అన్నారు. తెలుసు అన్నాను. చెన్నైలో మంచం దొరికిందని, వచ్చే వారం చేర్చాలని చెప్పారు.

మూడో డిస్కు ఆ వచ్చే వారానికి ముందే వచ్చింది. డయాలసిస్ లేని రోజు, మధ్యాహ్నం పూట పెట్టాం. మొదటి కూత, రెండో కూత, ఎస్, ఎంటర్. డిస్కు తిరుగుతూ ఉంది. ఇది కూడా అంతేలే అని నేను లేవబోతున్నాను. పెట్టెలో నుంచి ఒక గొంతు మొదలైంది. ముక్కుతో మాట్లాడే మగవాడి గొంతు. భాషల పేర్లు వరసగా చదువుకుంటూ పోతోంది, ఒక్కదాని మీదా ప్రేమ లేకుండా. ఇంత వికారమైన గొంతు కోసమా అనిపించింది నాకు. వదిన దిండును పక్కకు తోసి, నిటారుగా కూర్చుంది.

అలవాటు కొద్దీ నేను తెర మీదిది చదవబోయాను. ఆమె చెయ్యెత్తింది. "నువ్వు చదవద్దు ఇంక. పో, పోయి కాసేపు నడుం వాల్చు."

తెర ఆపేసి పొమ్మంది, తనకు ఎందుకని. ఆపేశాను. ఆ మధ్యాహ్నమూ మరుసటి రోజూ ఆ గొంతు అడుగుతూ, ఆమె మీటలు కొడుతూ, మధ్యలో ఆయాసం తీర్చుకుంటూ, మొత్తం తనే ఎక్కించుకుంది. మా సహాయం అడగలేదు.

రిపోర్టులు మాత్రం మా ఆయన ఫోనులోనే ఉన్నాయి. అడిగి తీసుకోవడం ఆమెకు ఇష్టం లేదు, తనంతట తానే ఇవ్వడం ఆయనకు చేతకాదు. రెండు రోజులు అన్నం దగ్గర ఇద్దరూ వానల గురించి, పులికాట్‌లో చేపల గురించి మాట్లాడుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన నెట్ సెంటరు నుంచి పెన్ డ్రైవ్ తీసుకొచ్చి అక్క చేతిలో పెట్టారు. "అన్నీ ఉండాయక్కా. నేను బాగుండాయని చెప్పినవి గూడా" అన్నారు.

వదిన తమ్ముడి చెయ్యి వదలకుండా కాసేపు పట్టుకుంది. తర్వాత, "తలుపేసుకుని పోరా" అంది.

చెన్నై ప్రయాణం ఆగిపోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె చెప్పింది అదొక్కటే. పోగలిగినన్ని రోజులు గూడూరు పోదాం, ఆ తర్వాత ఈడనే ఉంటాను అని. ఎందుకని మేము అడగలేదు, అడగాల్సింది ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. సుఖంగా పోయిందని కూడా రాయలేను. చివరి మూడు రోజులు ఊపిరి కోసం చాలా కష్టపడింది. కానీ తన గదిలో ఉంది, మా చేతుల మధ్య ఉంది. ఎక్కడ ఉండాలో తనే చెప్పింది.

ఆమెను తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ మూసిన తలుపు బయట నిలబడ్డ మధ్యాహ్నమే కళ్లకు కడుతుంది. మా ఆయన వసారా మెట్టు మీద కూర్చున్నారు, నేను తలుపు పక్కన గోడకు ఆనుకున్నాను. లోపల ఆ ముక్కుగొంతు మొదలైంది. మొదట మాటలు తెలిశాయి. ఆసుపత్రి పేరు, ఆమె పేరు, వయసు. తర్వాత వదిన ఏదో మీట నొక్కినట్టుంది, గొంతు వేగం అందుకుంది. ఇంకా పెంచింది. అలవాటైన చెవులు అలాగే వింటాయట, మాలాంటి వాళ్లకు మాత్రం అది రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంది. ఒక్క ముక్క అందలేదు. మా ఆయన తల పైకెత్తి నన్ను చూశారు, నేను తల అడ్డంగా ఊపాను. వాన ఒకచోట ఆగింది. మీట చప్పుడు. మళ్లీ అదే చినుకుల వరస. మీట చప్పుడు. మళ్లీ అదే. ఒకే వాక్యాన్ని వదిన పదేపదే చదివించుకుంటోంది, మాకెవరికీ అర్థం కానంత వేగంతో, తలుపు అవతల, తెర వెలుగు కూడా లేని గదిలో.